ఆక్సిజన్ సెన్సర్ పని: మా వర్క్‌షాప్‌లో ఇకనుంచి ఏం చేస్తాం, ఏం చేయం

మా దగ్గరికి బండి తెచ్చేవాళ్ళందరికీ ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. రోడ్డు మీద తిరిగే ఫ్యూయల్ ఇంజెక్షన్ బైక్‌కి ఆక్సిజన్ సెన్సర్ (ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి చెప్పేది) తీసేసి ఆ రంధ్రానికి బోల్టు బిగించే పని ఇకనుంచి మేం చేయం. సెన్సర్ పాడైతే విప్పి కొత్తది వేస్తాం. సైలెన్సర్ సెట్ మారుస్తుంటే పాత బెండ్ పైపులోంచి (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్ళే గొట్టం) విప్పి కొత్తదాంట్లో కూర్చోబెడతాం. తీసి పక్కన పెట్టేయడం మాత్రం ఉండదు. ఇన్నాళ్ళూ చేశారుగా, ఇప్పుడేమైంది అని అడుగుతారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఒకాయన బయట కొన్న ఫ్రీఫ్లో సైలెన్సర్ (పొగ అడ్డు లేకుండా పోయేది) తెచ్చారు, బెండ్ పైపుతో సహా ఫుల్ సెట్. దానికి సెన్సర్ బిగించే చోటే లేదు. వెల్డింగ్ పెట్టించే టైమ్ లేదు, సాయంత్రానికి బండి కావాలన్నారు. మేం సెన్సర్‌ని దాని వైరు కప్లర్‌కి అలాగే ఉంచి, ఫ్రేమ్‌కి ప్లాస్టిక్ ట్యాగుతో కట్టేశాం. బండి స్టార్టయింది, చెక్ ఇంజిన్ లైటు రాలేదు, సౌండు ఆయనకి నచ్చింది, పంపేశాం. మూడు వారాలకి మళ్ళీ వచ్చారు. పెట్రోలు ఎటు పోతోందో తెలియట్లేదు, సిగ్నల్ దగ్గర ఆగితే పొగకి కళ్ళు మండుతున్నాయి అన్నారు. ప్లగ్గు విప్పి వేలితో రాస్తే కాటుకలా అంటుకుంది. ఆయిల్ డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన. స్కానర్ పెడితే ఈసీయూ, అంటే ఇంజిన్‌కి పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించే బండి కంప్యూటర్, తనకి చేతనైనంత వరకూ పెట్రోలు పెంచేసి ఆ చివరనే ఆగి ఉంది.

తప్పు మాదే. ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి.

ఆ సెన్సర్ మొనలో ఉన్నది జిర్కోనియా అనే పింగాణీ ముక్క. దానికి ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క ఇంజిన్ పొగ. రెండు పక్కలా ఆక్సిజన్‌లో ఉన్న తేడాని బట్టి అది చిన్న వోల్టేజి పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే, అంటే పెట్రోలు తక్కువైతే, 0.1 వోల్టు దగ్గర ఉంటుంది. పెట్రోలు ఎక్కువై ఆక్సిజన్ మొత్తం ఖర్చయిపోతే 0.9 దగ్గరికి పోతుంది. బరువులో ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళు గాలి ఉన్న చోట ఇది ఒక్కసారిగా ఇటునుంచి అటు మారుతుంది. ఈసీయూ దాన్నే చూస్తూ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ని కాస్త ఎక్కువ, కాస్త తక్కువ తెరుస్తూ పోతుంది. సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే తప్ప ఇది సరిగ్గా చెప్పలేదు, అందుకే చాలా సెన్సర్లలో హీటర్ ఉంటుంది. మరి ఫ్రేమ్‌కి కట్టిన సెన్సర్ చుట్టూ ఏముంది? మామూలు గాలి, అందులో 21 శాతం ఆక్సిజన్. హీటర్‌తో వేడెక్కి, ఉన్నది ఉన్నట్టే చెప్పింది: ఇక్కడ ఆక్సిజన్ బోలెడు ఉంది అని. ఈసీయూ అది ఇంజిన్ పొగ అనుకుని పెట్రోలు పోస్తూనే ఉంది. ఆయన బండికి ఆయిల్ మార్చాం, ప్లగ్గు మార్చాం, బెండ్ పైపుకి సెన్సర్ కూర్చునే ముక్క వెల్డింగ్ చేయించాం, ఖర్చు మేమే పెట్టుకున్నాం.

సరే, కప్లర్ కూడా పీకేసి బోల్టు వేస్తే ఈ గొడవ ఉండదు కదా అంటారు. అప్పుడు చాలా బళ్ళలో లైటు వెలుగుతుంది, ఈసీయూ కంపెనీ రాసిన మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలన్న పట్టిక) మీదే నడుపుతుంది. బండి ఆగదు. లైటు రాకుండా రెసిస్టర్ పెట్టే చిన్న డబ్బీలు కూడా దొరుకుతాయి. కానీ ఎయిర్ ఫిల్టర్‌కి దుమ్ము పట్టినా, ఇంజెక్టర్ కాస్త మూసుకుపోయినా, సైలెన్సర్ మారినా సర్దుకునే దారి ఇక దానికి లేదు. సైలెన్సర్ లోపల పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ 14.7 దగ్గర ఉంటేనే బాగా పనిచేస్తుంది. పెట్రోలు ఎక్కువై కాలకుండా వెళ్ళిందంటే అది కన్వర్టర్‌లో కాలి, లోపలి జల్లెడ కరిగిపోయే దాకా కూడా వస్తుంది. పైగా పొగని అదుపులో ఉంచే భాగాన్ని తీసేయడం చాలా చోట్ల చట్టానికి విరుద్ధం.

పికప్ పెరుగుతుందని తీయమనేవాళ్ళే ఎక్కువ. పెరగదు. మీరు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ ఎలాగూ ఈ సెన్సర్ మాట వినదు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడూ వినదు. ఐడిలింగ్‌లో, ఒకే స్పీడులో నిదానంగా పోతున్నప్పుడు మాత్రమే వింటుంది. సెన్సర్ తీశాక తక్కువ స్పీడులో ఆ లాగి వదిలినట్టుండే జర్కు తగ్గిందని కొందరు చెప్పిన మాట నిజమే, నేనూ నడిపి చూశాను. కానీ ఆ జర్కుతో వచ్చిన బళ్ళలో మాకు ఎక్కువగా కనిపించినవి వదులైన చైను, మసి పట్టిన థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే భాగం), బిగుసుకుపోయిన వాల్వ్ క్లియరెన్స్. ముందు అవి చూద్దాం.

ట్రాక్ మీద మాత్రమే నడిపే బండి, వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, పెట్రోలు పాళ్ళు ఎంతో కచ్చితంగా చెప్పేది) పెట్టి డైనో (ఇంజిన్ శక్తి కొలిచే మెషిన్) మీద సొంత మ్యాప్ రాయించుకున్నది అయితే అది వేరే సంగతి. ఆ పని చేస్తాం.

ఇక రెండో విషయం, విప్పడం. ఇందులోనూ మా చేతిలో ఒక బండి పాడైంది. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారిన బెండ్ పైపులో సెన్సర్ పట్టేసి ఉంటుంది. మావాడు తొందరలో చల్లటి పైపు మీద మామూలు ఓపెన్ పానా వేశాడు, నట్టు మూలలు అరిగిపోయాయి. తర్వాత పానాకి పైపు తొడిగి లాగితే సెన్సర్ వచ్చింది, దాంతోపాటే బెండ్ పైపు థ్రెడ్లు కూడా వచ్చేశాయి. వెండి తీగ చుట్టినట్టు ఆ థ్రెడ్లు సెన్సర్‌కి చుట్టుకుని ఉన్నాయి. ఆ బెండ్ పైపు మేమే కొనిచ్చాం. మావాణ్ణి ఏమీ అనలేదు, గంటలో అయిపోతుందని కస్టమర్‌కి మాటిచ్చింది నేను.

అందుకే ఇప్పుడు సెన్సర్ పనికి బండి ముందురోజు సాయంత్రమే వదలమంటున్నాం. మొదట కప్లర్ ఊడదీసి వైరు క్లిప్పులన్నీ వదులు చేస్తాం, లేకపోతే సెన్సర్ తిరిగేటప్పుడు వైరు మెలితిరిగి లోపల తెగుతుంది. సెన్సర్ మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేస్తాం. పొద్దున రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి, పైపు వేడెక్కాక ఆపి, పక్కన వైరు కోసం చీలిక ఉన్న సాకెట్‌తో తిప్పుతాం. సెన్సర్ సైజుని బట్టి 17 గానీ 22 గానీ పడుతుంది. కాస్త కదిలాక కీచుమందంటే అక్కడితో ఆపాలి. మళ్ళీ లోపలికి బిగించి, ఆయిల్ కొట్టి, పావు చుట్టు బయటికి, కొంచెం లోపలికి, ఇలా ఓపిగ్గా తీసుకురావాలి. సుత్తి దెబ్బ అసలు పడకూడదు, లోపల ఉన్నది పింగాణీ. మా చేతిలోంచి సెన్సర్ కిందపడితే దాన్ని తిరిగి బిగించం, మీకు చెప్పి కొత్తది మేమే వేస్తాం.

బిగించేటప్పుడు ముందు చేత్తోనే నాలుగు చుట్లు సాఫీగా తిరగాలి. పాతదే తిరిగి వేస్తుంటే వేడిని తట్టుకునే నికెల్ పేస్టు థ్రెడ్ల మీద మాత్రమే, పలుచగా రాస్తాం, మొనకి తగలనివ్వం. కొత్తవాటికి చాలావరకు కంపెనీయే రాసి ఇస్తుంది. టార్క్, అంటే ఎంత బలంగా బిగించాలన్నది, మాన్యువల్‌లో ఎంతుంటే అంత. మీరు ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ళైతే ఒక్కటి గుర్తుంచుకోండి, సైలెన్సర్ జాయింట్‌కి మామూలు సిలికాన్ పేస్టు పెట్టొద్దు, దాని ఆవిరి సెన్సర్‌ని చంపేస్తుంది. కప్లర్‌లో గ్రీజు కూడా వద్దు, చాలా సెన్సర్లు బయటి గాలిని ఆ వైర్ల వెంబడే తీసుకుంటాయి.

చెక్ ఇంజిన్ లైటు వచ్చిందని నేరుగా కొత్త సెన్సర్ కొనుక్కుని రాకండి. హీటర్ ఫ్యూజు పోయి ఉండొచ్చు, వైరు వేడి పైపుకి తగిలి కరిగి ఉండొచ్చు, హెడ్ దగ్గర సైలెన్సర్ ప్యాకింగ్ లీకై బయటి గాలి లోపలికి వస్తుండొచ్చు. ఇవి చూశాకే సెన్సర్ సంగతి. నాలుగు వైర్ల సెన్సర్లలో సాధారణంగా రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, మీటరు పెడితే కొన్ని ఓమ్‌లు చూపించాలి, ఏమీ చూపించకపోతే హీటర్ తెగినట్టే. మీ ముందే పెట్టి చూపిస్తాం.

ఇంతకుముందు మా దగ్గర సెన్సర్ తీయించుకుని బోల్టు వేయించుకున్నవాళ్ళు, ఆ సెన్సర్ ఇంకా మీ దగ్గరుంటే పట్టుకుని రండి, లేబర్ తీసుకోకుండా తిరిగి బిగిస్తాం. ఫ్రేమ్‌కి కట్టించుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే ఈ వారమే రండి, వచ్చేలోపు ఆయిల్‌లో పెట్రోలు వాసన ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే నడుపుకుంటూ రావొద్దు, ఫోన్ చేస్తే మేమే వచ్చి బండి తీసుకెళ్తాం.