మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక – 2025

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన పని చెప్పాలి. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వీధి దీపాలు, చెత్త బండి, కుక్కల బెడద, వేసవిలో ట్యాంకర్లు, ఈ పనులన్నీ ఎప్పటిలాగే సాగాయి. నెలనెలా వాట్సాప్ గ్రూపులో పెట్టాం కాబట్టి మళ్లీ చదవను. ఈ నివేదికలో ఎక్కువ భాగం నాలా వంతెన గురించే. ఏడాదంతా మా టైమంతా దానికే పోయింది.

ముందు కృతజ్ఞతలు. చివరికి వచ్చేసరికి సగం మంది భోజనాలకు లేస్తారు, అందుకే ఇప్పుడే చెప్తున్నాను. బోనాలకు పైసా తీసుకోకుండా షామియానా వేసిన టెంట్ హౌస్ అన్నకు, వినాయక నిమజ్జనం రోజు ట్రాలీ ఇచ్చి తానే నడిపిన మూడో గల్లీ తమ్ముడికి, హెల్త్ క్యాంపులో సాయంత్రం దాకా ఓపికగా బీపీ, షుగర్ చూసిన డాక్టరమ్మకు, మీటింగులకు తమ మేడ మీద చోటిచ్చి ప్రతిసారీ చాయ్ పోసిన ఉపాధ్యక్షుల ఇంట్లోవాళ్లకు, దరఖాస్తులన్నీ ఉచితంగా టైపు చేసి పెట్టిన మీసేవ సెంటర్ చెల్లెమ్మకు సంఘం తరఫున ధన్యవాదాలు. వంతెన కింద మోకాలి లోతు బురదలో దిగి కొలతలు తీసిన రిటైర్డ్ ఇంజినీరు గారికి ఎన్ని దండలు వేసినా తక్కువే.

ఇప్పుడు వంతెన. 2020 అక్టోబరు 13 రాత్రి వాన ఎవరూ మర్చిపోలేదు. ఆ రాత్రే మూసీ వైపు పిట్టగోడ కొట్టుకుపోయింది. వచ్చి చూసినవాళ్లు నెలలో కొత్తది కడతామన్నారు. ఐదేళ్లు గడిచాయి. అక్కడ ఇప్పటికీ ఉన్నవి మనం కట్టిన వెదురు బొంగులే. ఏటా మృగశిర కార్తె లోపు పాతవి విప్పి కొత్తవి కడుతున్నాం. ఈ ఏడాది కూడా కట్టాం.

పిట్టగోడ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించే అందరూ మాట్లాడతారు. స్లాబు కిందికి వంగి చూస్తే తెలుస్తుంది అసలు సంగతి. సిమెంటు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. వేలితో గీస్తే తుప్పు అప్పడం ముక్కల్లా పొరలుగా రాలుతోంది. ఇంజినీరు గారు మాకు వివరంగా చెప్పారు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును నెడుతుంది, పెచ్చు ఊడుతుంది, ఆ సందులోంచి నీళ్లు ఇంకా లోపలికి పోతాయి. మొదట్లోనే తుప్పు గీకి, మందు పూసి, కాంక్రీటు పూత వేసి ఉంటే కొద్ది ఖర్చుతో అయిపోయేది. అంతకంటే పెద్ద భయం పునాది దగ్గర ఉందంటారాయన. వాన కాలంలో వేగంగా వచ్చే నీళ్లు గోడ అడుగున మట్టిని తోడేస్తాయి. వంతెనలు చాలా వరకు పడిపోయేది అలాగేనట. మే నెలలో ఆయన జనపనార తాడుకు రాయి కట్టి, జానెడుకొక ముడి వేసి, గోడ పక్కన గుంటలోకి వదిలారు. మూడు ముడులు మునిగాయి. దసరా తర్వాత అదే తాడు, అదే చోట వదిలితే నాలుగో ముడి కూడా మునిగింది. ఆ తాడు సంఘం ఆఫీసులో మేకుకు వేలాడదీశాం. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూడొచ్చు.

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవాల్సిన పని జూన్ చివర్లో జరిగింది. ప్రతి ఆఫీసులోనూ మమ్మల్ని అడిగిన మాట ఒక్కటే: "దాని మీద అసలు ఎంతమంది తిరుగుతారండీ?" సరే, మేమే లెక్కపెడదామనుకున్నాం. బడులు తెరిచాక ఒక సోమవారం పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా వంతెనకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. పిల్లలు నోటు పుస్తకాల్లో ఐదేసి గీతల కట్టలు గీశారు. రెండో గల్లీ పెద్దమ్మకు రాయడం రాదు. ఆవిడ ఇంట్లోంచి చింతగింజలు, నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చుకుని కూర్చున్నారు. నడిచేవాళ్లకు ఒక గిన్నె, బండ్లకు ఒకటి, ఆటోలకు ఒకటి, బడి పిల్లలకు ఒకటి. మనిషి దాటిన ప్రతిసారీ టంగుమని ఒక గింజ. బడి వేళ గంటన్నరలోనే పిల్లల గిన్నె నిండి పొంగింది, ఆవిడ కొంగులో పోసుకుని మళ్లీ మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఎండకు లేవమన్నా లేవలేదు. సాయంత్రం పిల్లల గీతలు, ఆవిడ గింజలు పక్కపక్కన పెట్టి సరిచూస్తే తేడా చాలా కొంచెమే వచ్చింది. ఆ రోజు రెండు అంబులెన్సులు కూడా దాటాయి. గంటల వారీగా పట్టిక వేసి, ఫోటోలు జత చేసి, దరఖాస్తుతో పాటు ఇచ్చాం. ఒక కాలనీవాళ్లు తమ వంతెనకు తామే ఇలా లెక్క తీయడం చిన్న సంగతి కాదు. ఇందులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఈ సభ చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను.

పట్టిక ఇచ్చాక ఏమైందంటే, ఒక ఆఫీసులో రోడ్డు మాది, నాలా మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో నాలా మాది, మీద ఉన్న స్లాబు మాది కాదన్నారు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, మన వంతెనను చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారని అడిగాం. ముప్పై రోజుల గడువు దాటాక అప్పీలుకు వెళ్తే గానీ జవాబు రాలేదు. వచ్చిన జవాబు "రికార్డులో లేదు" అని. జాతీయ రహదారుల మీది వంతెనలకు కేంద్రం 2016లో ఒక వ్యవస్థ పెట్టి, కల్వర్టులతో సహా 1.7 లక్షలకు పైగా నిర్మాణాలకు నంబర్లిచ్చి నమోదు చేసింది. గల్లీ వంతెనలకు అలాంటి నంబరు లేదు. నంబరు లేనిదానికి ఫైలు ఉండదు, ఫైలు లేనిదానికి డబ్బు ఉండదు. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి మాకు పదకొండు నెలలు పట్టింది.

డబ్బు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మేం ఎక్కడికి వెళ్లినా నిధుల్లేవనే అన్నారు. మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ దగ్గరి మాల్ మనకందరికీ తెలుసు, మన పిల్లలూ వెళ్తారు. అది ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. 2010లో మెట్రో ఒప్పందం జరిగినప్పుడు టికెట్ల డబ్బు ఒక్కటే సరిపోదని, డిపోల దగ్గర, స్టేషన్ల పక్కన 269 ఎకరాల ప్రభుత్వ భూమిలో 1.85 కోట్ల చదరపు అడుగుల దాకా మాల్స్, ఆఫీసులు కట్టి అద్దెకిచ్చుకునే హక్కు మెట్రో కట్టే కంపెనీకి ఇచ్చారు. లోటు పూడ్చడానికి కేంద్రం 1,458 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్ మాల్స్ ఆ ఏర్పాటులో వచ్చినవే. అద్దెలు అనుకున్నంత రాలేదు, అప్పు పెరిగింది. చివరికి 2025 సెప్టెంబరు 25న మొదటి దశ మెట్రోను దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా తీసుకోవడానికి, దాని మీద ఇంకో 2,000 కోట్ల దాకా చెల్లించడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

మెట్రో వద్దని మేం అనడం లేదు. మలక్‌పేట నుంచి అమీర్‌పేటకు బస్సులో వేలాడుతూ వెళ్లిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. మా మాటల్లా ఒక్కటే. అద్దె తెచ్చే కట్టడానికి భూమి దొరుకుతుంది, గ్రాంటు దొరుకుతుంది, నష్టం వస్తే ఆదుకునే చెయ్యీ దొరుకుతుంది. జనం కాళ్ల కింద ఉన్న వంతెన అద్దె తేదు. అందుకని దానికి నెలకొక మనిషి వచ్చి చూసే ఏర్పాటు కూడా లేకపోతే ఎలా? ఈ నగరంలో ఎత్తయిన భవనాలు కట్టేవాళ్ల దగ్గర ఇంపాక్ట్ ఫీజు వసూలు చేస్తున్నారు, అది రోడ్లకు, మురుగు కాల్వలకు ఖర్చు పెట్టాల్సిన సొమ్ము. మన చుట్టుపక్కల వసూలైన దాంట్లో మన వార్డుకు తిరిగి ఎంత వచ్చిందని అడిగాం. వార్డు వారీగా లెక్క ఉంచలేదన్నారు.

జూలై మీటింగుకు అమెరికా నుంచి జూమ్‌లో కలిసిన మన కాలనీ ఆడబిడ్డ ఒకరు మినియాపొలిస్ సంగతి చెప్పారు. 2007 ఆగస్టు 1 సాయంత్రం, ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లే వేళ, మిసిసిపీ నది మీది పెద్ద వంతెన కూలి 13 మంది చనిపోయారు. తనిఖీ కాగితాల్లో దాని పరిస్థితి బాగాలేదని అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే రాసి ఉంది. అక్కడ తనిఖీ అయినా జరిగింది, రాసి అయినా పెట్టారు.

మన సంగతికి వస్తే, మెట్రో వార్త పేపర్లో చదివిన రోజు రాత్రే, సెప్టెంబరు 26న, మూసీ పొంగింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చి ప్రయాణికులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. 2022 జూలైలో లాగే మూసారాంబాగ్ లోలెవల్ వంతెన మునిగింది. మూసీ నిండేసరికి మన నాలా నీళ్లు ఎదురు తన్నాయి. ఎనిమిదిన్నరకు వెదురు బొంగులు కనిపించలేదు. అది అలిగిన బతుకమ్మ రోజు కావడంతో ఆడవాళ్లు బతుకమ్మలతో బయటికి రాలేదు, అదే మేలయింది. రెండు చివరలా తాడు కట్టి, తెల్లారేదాకా టార్చిలైట్లతో నిలబడి వచ్చినవాళ్లను వెనక్కి పంపాం. ఒక డెలివరీ అబ్బాయి ఆర్డరు లేటయితే డబ్బులు పోతాయని, ఒక్క నిమిషం దాటేస్తానని బతిమాలాడు. నీళ్లలో వంతెన అంచు ఎక్కడుందో అతనికే కాదు, మాకూ కనిపించడం లేదు. అతని బండి తాళం కోశాధికారి గారు జేబులో వేసుకుని, కూర్చోబెట్టి చాయ్ తాగించారు.

ఆ రాత్రి గురించి ఒక మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. వానకాలం డ్యూటీకి ఇరవై నాలుగు మంది పేర్లు రాసిచ్చారు. వచ్చినవాళ్లు ఏడుగురు, అందులో నలుగురు అరవై దాటినవాళ్లు. ఫోన్లు చేస్తే కొందరు ఎత్తలేదు. మర్నాడు గ్రూపులో మాత్రం "సంఘం ఏం చేస్తోంది" అని మెసేజ్‌లు వచ్చాయి. ఇంట్లో ఇబ్బంది ఉంటే రాలేమని ముందే చెప్పండి, ఎవరూ తప్పుపట్టరు. పేరు రాసి రాకపోతే ఆ చివర తాడు పట్టుకునే మనిషి ఉండడు. వంతెన చూడటానికి మూడుసార్లు టైమ్ ఇచ్చి మూడుసార్లూ రాని అధికారుల మీద ఎంత కోపం ఉందో, ఆ రాత్రి అంతే బాధ కలిగింది.

జమాఖర్చులు ఆడిటర్ గారు చూసి సంతకం పెట్టారు. కాపీ నోటీసు బోర్డులో ఉంది. చందా బకాయిలు ఉన్నవాళ్లు ఈ నెలాఖరులోగా కట్టాలి. వెదురు, తాడు, టార్చిలైట్ల ఖర్చు ఈసారి పెరిగింది, దాన్ని సభ ఆమోదించాలని కోరుతున్నాను.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు తీర్మానాలు మీ ముందు పెడుతోంది. మన వంతెనకు నంబరు వేసి, ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి తర్వాతొకసారి తనిఖీ చేసి ఆ కాగితం మనకివ్వాలని రాతపూర్వకంగా కోరడం. కొత్త వాణిజ్య భవనాలకు ఇచ్చే భూమి, రాయితీల లెక్కలో చుట్టుపక్కల వంతెనల మరమ్మతుకు ఒక వాటా రాసి పెట్టాలని పక్క కాలనీలతో కలిసి వినతిపత్రం ఇవ్వడం. మళ్లీ ఒక రోజు లెక్కపెట్టడం. ఈసారి ఆదివారం కూడా కూర్చుంటాం, చింతగింజలు తానే తెస్తానని పెద్దమ్మ ఇప్పటికే చెప్పారు.

వానకాలం డ్యూటీ పుస్తకం గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు పేరు, గల్లీ నంబరు, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు రాసి వెళ్లండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి