ర్యాంపు కట్టారు సరే, పాఠం చదివేదెలా?

సంపాదకులకు,

ప్రత్యేక అవసరాలున్న విద్యార్థికి కాలేజీలో సీటిస్తే పనైపోయిందనుకుంటారు. అసలు చిక్కు క్లాసులు మొదలయ్యాకే. చూపులేని విద్యార్థికిచ్చే పీడీఎఫ్ చాలాసార్లు పేజీల ఫొటోయే. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని తెరిచి నోరు మెదపదు. మౌస్‌తో ఒక్క పదం సెలెక్ట్ చేసి చూడండి. సెలెక్ట్ కాకపోతే అది బొమ్మే. ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో గుర్తింపజేసి టెక్స్ట్‌గా మార్చాలి, ఆపైన ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. లేకుంటే 'ఎక్స్ స్క్వేర్' కాస్తా 'ఎక్స్ టూ' అయి లెక్కే మారిపోతుంది. దీనికి వారాలు పడుతుంది కనుక పుస్తకాల జాబితా సెమిస్టర్‌కు ముందే చేతికి రావాలి. నోట్సు టైపు చేసిన అసలు వర్డ్ ఫైలు ఇచ్చేస్తే సగం శ్రమ తప్పుతుంది (అదెందుకో అడిగినా ఇవ్వరు).

ర్యాంపుకు అంగుళం ఎత్తుకు కనీసం 12 అంగుళాల పొడవు కావాలి. ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగులన్నమాట. జాగా లేదని ఆరడుగుల్లో ముగిస్తే వెనక ఒకరు నెట్టనిదే చక్రాల కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు పట్టు తప్పుతుంది.

ఇక పరీక్షలు. విద్యార్థి చెప్పే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ను ఆ రోజు పొద్దున్నే పరిచయం చేస్తే ఎలా? ఇంటిగ్రల్ గుర్తు ఎరగని వ్యక్తికి గణితం చెప్పి రాయించడంలోనే ఇలాంటి విద్యార్థులకిచ్చే అదనపు సమయమంతా కరిగిపోతుంది. కనీసం ఒక పాత ప్రశ్నపత్రం ఇద్దరిచేతా ముందుగా రాయించాలి.

ఇట్లు,
డిజిటల్ పాఠ్యాలు తయారుచేసే కొందరం