ఈ నెల ప్రతిజ్ఞ ఇంటి భాషల్లో

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ఉదయం అసెంబ్లీలో పిల్లలు కుడిచేయి చాచి చెప్పే ప్రతిజ్ఞను రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా, 1962లో, తెలుగులోనే రాశారు. "సుసంపన్నమైన, బహువిధమైన నా దేశ వారసత్వ సంపద నాకు గర్వకారణం" అని రోజూ అప్పజెప్పే పిల్లలకు ఆ సంపద తమ పక్క బెంచీలోనే కూర్చుందని తెలియాలి. అందుకే నవంబర్ 26, రాజ్యాంగ దినోత్సవం దాకా, వారానికి రెండు రోజులు ప్రతిజ్ఞ ఉర్దూలో, లంబాడీలో, మరాఠీలో, మీ ఇంట్లో ఏది మాట్లాడితే అందులో ఉంటుంది.

మీరు చేయాల్సింది: ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని ప్రతిజ్ఞను మీ మాటల్లోకి మార్చి రాయండి. ఫోన్‌లో అనువాదం చేయించకండి, అందులో ఇంటి మాట రాదు. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లోనే రాయండి. తర్వాత ఒక్కో ముక్క దగ్గర ఆగుతూ, నెమ్మదిగా చదివి వాయిస్ మెసేజ్ క్లాస్ టీచర్‌కు పంపండి. కొత్త భాష చెవిన పడగానే పిల్లలు నవ్వుతారు, చదివే బిడ్డ గొంతు అక్కడే ఆగిపోతుంది. అందుకని నలుగురు సహవిద్యార్థులకు రెండు రోజుల ముందే అది నేర్పి పక్కన నిలబెడతాం. రాష్ట్రానికో వేషం వేయించే ఫ్యాన్సీ డ్రెస్ మాత్రం ఈసారి లేదు. తలపాగా, గడ్డం పెడితే ఒక ప్రాంతం మనుషులు తెలిసిపోయినట్టు పిల్లలు అనుకుంటారు.

మనది ప్రభుత్వ సహాయం పొందే పాఠశాల. బడిలో జరిగే పూజకైనా ప్రార్థనకైనా మీ సమ్మతి లేకుండా పిల్లల్ని కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. సరస్వతీ పూజ, క్రిస్మస్ ప్రార్థన రెండింటికీ డైరీలో సమ్మతి చీటీ అంటించాం. వద్దనుకుంటే అలాగే రాయండి, కారణం అడగం. ఆ సమయంలో బిడ్డ లైబ్రరీలో టీచర్ దగ్గర ఉంటుంది. జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లల్ని కేరళలో బడి నుంచి పంపేస్తే, తిరిగి చేర్చుకోవాలని 1986లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన అసెంబ్లీలోనూ అదే పద్ధతి: అందరూ నిలబడాలి, పాడమని ఎవరినీ ఒత్తిడి చేయం.

ఇంకొకటి, ఇది మనసారా అడుగుతున్నాను. బిడ్డ కొత్త స్నేహితుడి పేరు చెప్పగానే "మనవాళ్లేనా?" అని అడగకండి. మర్నాడు లంచ్ బెల్‌లో ఆ ప్రశ్నే టిఫిన్ డబ్బాల మధ్య గీత గీస్తుంది. మా టీచర్లు రోజూ పిల్లలతో కలిసే భోంచేస్తున్నారు, ఎవరి కూర గురించి ఎవరూ ముక్కు చిట్లించకుండా చూస్తున్నారు. ఇంట్లో మాత్రం మీరే చూడాలి.

వాయిస్ మెసేజ్, సమ్మతి చీటీ నవంబర్ 10లోగా అందించండి.

ప్రధానోపాధ్యాయులు