వందేళ్ళ వరద అంటే వందేళ్ళ తర్వాత వచ్చేది కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారమండీ.

మాది కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక ఊరు. గోదాట్లోకి ఎర్రనీళ్ళు దిగాయంటే మా ఊళ్ళో ఎవరు ఎదురైనా ఒకటే మాట, భద్రాచలం ఎన్ని అడుగులు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు). పేపర్ తెరిచినా ముందు ఆ బాక్సే చూస్తాం. ఈమధ్య ఆ బాక్స్ పక్కన వార్తల్లో "వందేళ్ళకోసారి వచ్చే వరద", "పాతికేళ్ళ వరద" అనే మాటలు బాగా కనపడుతున్నాయి. రాసేవాళ్ళని తప్పు పట్టట్లేదు, ఇంజనీర్లు చెప్పిందే వాళ్ళూ రాస్తున్నారు, కానీ చదివే మాకు మాత్రం అది ఇంకోలా అర్థమవుతోంది, ఆ అర్థాన్నే నమ్ముకుని జనం ఇళ్ళు కట్టేసుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అవుద్ది, మొత్తం వేసుకుంటే సంతోషం.

మా బాబాయి ఇల్లు సంగతి చెప్తాను. 2006 వరదకి ఆయన పాత పెంకుటిల్లు కూలిపోయింది. ఐదారేళ్ళకి డబ్బులు కూడబెట్టుకుని స్లాబ్ ఇల్లు మొదలెట్టాడు. మెరక ఎంత తోలించాలి అని మాటొచ్చినప్పుడు ఎవరో తెలిసినాయన, ఆయన కూడా చదువుకున్నాయనే, "మొన్న వచ్చింది పాతికేళ్ళ వరదండీ, ఇంకో పాతికేళ్ళు మీకు ఢోకా లేదు, అనవసరంగా మట్టికి డబ్బులు తగలెయ్యొద్దు" అన్నాడట. బాబాయి రెండడుగులు తగ్గించేశాడు. 2022 జులైలో కిటికీ చువ్వల దాకా నీళ్ళు. మేము పడవ మీద వెళ్ళేసరికి బీరువా వెల్లకిలా తేలుతోంది, అందులో పిన్ని పట్టుచీరలు, పొలం కాగితాలు. నీళ్ళు తీశాక ఇంట్లో జానెడు ఒండ్రు. ఆ ఒండ్రు తవ్వుతూ బాబాయి నన్ను అడిగాడు, పాతికేళ్ళన్నారు కదరా, పదహారేళ్ళకే ఎలా వచ్చేసింది అని. నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినోణ్ణి, వ్యవసాయం చేసుకుంటూనే చాలా ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. ఆ రోజు ఆయనకి చెప్పిందే ఇప్పుడు మీకూ రాస్తున్నాను.

అసలు ఈ పాతికేళ్ళు, వందేళ్ళు అనేవి ఎక్కడి నుంచి వస్తాయంటే, ఏటి కొలతల్లోంచి. ఒక చోట ఏటా వచ్చిన వరదల్లో అన్నిటికంటే పెద్దది, ఆ ఒక్క అంకె తీసుకుంటారు, ఏడాదికి ఒకటే. అలా 50 ఏళ్ళకి 50 అంకెలు వస్తాయి. వాటిని పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పేర్చి 1, 2, 3 అని నంబర్లు వేస్తారు. ఎన్నేళ్ళ లెక్క ఉందో దానికి ఒకటి కలిపి ఆ నంబరుతో భాగిస్తారు. అంటే 50 ఏళ్ళ లెక్కలో అన్నిటికంటే పెద్ద వరదకి 51 ఏళ్ళు, రెండోదానికి పాతికన్నర, మూడోదానికి 51ని 3తో భాగిస్తే 17 ఏళ్ళు. అంతే, పదో తరగతి పిల్లాడు చేసే లెక్క. దీని మీద గుంబెల్ పద్ధతి అని, లాగ్ పియర్సన్ అని పెద్ద లెక్కలు ఉన్నాయి, మన చేతిలో ఉన్న ఏళ్ళని దాటి వందేళ్ళ వరద ఎంత, ఐదొందల ఏళ్ళ వరద ఎంత అని అంచనా వెయ్యడానికి అవి. మూలం మాత్రం ఈ పేర్చడమే.

ఇప్పుడు అసలు మెలిక చూడండి. భద్రాచలంలో గోదారి 70 అడుగులు దాటడమే తీసుకుందాం. 1976 నుంచి 2025 దాకా 50 ఏళ్ళలో మూడుసార్లు దాటింది, 1986లో 75.6, 1990లో 70.8, 2022లో 71.3. పై లెక్క ప్రకారం ఇది 17 ఏళ్ళ వరద అన్నమాట. మరి ఏ రెండిటి మధ్యైనా 17 ఏళ్ళు ఉన్నాయా? మొదటి రెండిటికీ నాలుగేళ్ళు, తర్వాతదానికి 32 ఏళ్ళు. 86లో ఇల్లు పోయినోడు "ఇంక 17 ఏళ్ళు రాదు" అనుకుని 88లో కట్టుకుంటే 90లో మళ్ళీ కొట్టుకుపోయేది. 90 చూసినోడి కొడుకు 2010కల్లా "ఇంక ఆ రోజులు పోయాయి, ఎగువన డ్యాములు కట్టేశారు" అనుకునేవాడు. వాడికి 2022 వచ్చింది.

గవ్వలాట ఆడినోళ్ళకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. అష్టా పడింది కదా, ఇంక రెండు రౌండ్లు పడదులే అని ఎవరైనా పందెం కాస్తారా? గవ్వలకి ఇందాక ఏం పడిందో గుర్తుండదు. గోదారికీ అంతే. వందేళ్ళ వరద అంటే ఏ ఏడాదికా ఏడాది, నూటికి ఒక వంతు వచ్చే అవకాశం ఉన్న వరద. నిరుడు వచ్చినా ఈ ఏడూ అదే ఒక వంతు. ఆ ఒక వంతు వింటే చిన్నగా ఉంటుంది కానీ ఇల్లు ఏడాది కోసం కట్టుకోం కదా, ఒక తరం కోసం కట్టుకుంటాం. 30 ఏళ్ళు పెట్టి లెక్కేస్తే వందేళ్ళ వరద కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. యాభయ్యేళ్ళ వరదకి నూటికి 45. మా బాబాయి ధీమాగా ఉన్న ఆ పాతికేళ్ళ వరదకైతే నూటికి 71 అండీ, అంటే రావడమే ఖాయం అనుకుని కట్టుకోవాల్సిన ఇల్లు, రాదనుకుని కట్టుకున్నాడు. ఈ ఒక్క ముక్క ఆయనకి ఆ రోజు ఎవరైనా చెప్పుంటే మట్టికి ఇంకో ముప్పై ట్రాక్టర్లు తోలించేవాడు.

ఇంకో సంగతి. మా ఇంట్లో అరుగు మీద తాతగారి కాలం నాటి టేకు స్తంభం ఉంది, దాని మీద వరద వచ్చినప్పుడల్లా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ మేకుతో గీత గీసి పక్కన ఏడాది చెక్కుతాం. 86 గీత నా తలకి పైన ఉంటుంది, ఆ వరదకి నేను ఇంటర్ చదువుతున్నాను, గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలుకుపోయి వారం రోజులు గట్టు మీదే ఉన్నాం. నేను చెప్పేది అది కాదు, 2006 గీత, 2022 గీత. రెండిటికీ తేడా నాలుగు వేళ్ళే, 2022 కిందకి ఉంది. ధవళేశ్వరం దగ్గర చూస్తే 2006లో 28.5 లక్షల క్యూసెక్కులు, 2022లో దాదాపు 25.8 లక్షలు. రెండున్నర లక్షలకి పైగా తేడా ఉంటే మా స్తంభం మీద నాలుగు వేళ్ళేనా? మధ్యలో మా లంక చుట్టూ ఏమేం వచ్చాయో చూస్తే నాకైతే అర్థమైపోయింది, చెరువుల గట్లు, ఇటుక బట్టీల మట్టి దిబ్బలు, ఏటి వారగా మెరక చేసిన స్థలాలు. నీళ్ళు పోయే దారి సన్నబడితే అవే నీళ్ళు ఎత్తు పెరుగుతాయి. దానికి తోడు అమావాస్యకో పౌర్ణమికో సముద్రం పోటు మీదుంటే కింద పాయల్లో నీళ్ళు లాగనే లాగవు. అందుకే ఎత్తు ఒక్కటే చూసుకుంటే మోసపోతాం, ఎన్ని క్యూసెక్కులకి ఎంత ఎత్తు వచ్చింది అన్నది జతగా రాసిపెట్టుకోవాలి. మా తాత గీత గీశాడు గానీ పక్కన క్యూసెక్కులు రాయలేదు, ఆయనకి ఎవరు చెప్తారు పాపం.

భద్రాచలానికీ మనకీ కూడా అదే తిరకాసు. అక్కడ 2006లో 66.9 అడుగులు, 2022లో 71.3, అంటే 2022యే పెద్దది. ధవళేశ్వరంలో చూస్తే 2006 పెద్దది. శబరి వచ్చి కలిసేది భద్రాచలం దిగువన, కూనవరం దగ్గర. అది ఆ రోజు ఎంత తెచ్చింది, అసలు గోదారి పోటూ దాని పోటూ ఒకేసారి కలిశాయా ముందూ వెనకా కలిశాయా అన్నదాన్నిబట్టి మన వాటా మారిపోద్ది. భద్రాచలం అంకె చూసి మా లంకలో సామాన్లు సర్దాలా వద్దా అని తేల్చుకోవడం కుదరదు.

క్యూసెక్కుల అంకె కూడా దేవుడు చెప్పిన మాటేం కాదు, అదీ జనానికి తెలియాలి. ఏట్లో నీళ్ళు ఎంత పోతున్నాయో నేరుగా కొలిచే తక్కెడ లేదు. గేజి కర్ర మీద ఎత్తు చూస్తారు, మామూలు రోజుల్లో పడవ మీద అడ్డంగా వెళ్తూ చోటుచోటునా లోతు చూసి, చిన్న గిన్నెల చక్రం లాంటి కరెంట్ మీటర్ నీళ్ళలోకి దింపి, అది నిమిషానికి ఎన్ని తిరుగుళ్ళు తిరిగిందో లెక్కపెట్టి వేగం కడతారు. పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో పెడితే సగటు వేగం దాదాపు వస్తుందని లెక్క. వేగాన్ని ఆ ముక్క వెడల్పుతోనూ లోతుతోనూ గుణించి, ముక్కలన్నీ కలిపితే క్యూసెక్కులు. అలా ఏళ్ళ తరబడి కొలిచి, ఇంత ఎత్తుకి ఇన్ని క్యూసెక్కులు అని ఒక గీత గీసుకుంటారు. వరద రోజున చూసేది ఎత్తే, క్యూసెక్కులు ఆ గీతలోంచి తీస్తారు. చెట్లు, ఇళ్ళ కప్పులు కొట్టుకొస్తున్న రోజున నడి ఏట్లోకి పడవ ఎవరు తీసుకెళ్తారు? అందుకని అన్నిటికంటే పెద్ద వరదలకే కొలత అన్నిటికంటే తక్కువ, ఆ గీతని పైకి సాగదీసి చెప్పాల్సి వస్తుంది. ఇసుక మేట వేసినా, కోతపడినా ఆ గీత కూడా మారిపోద్ది. బ్యారేజీ దగ్గర గేట్లు ఎంత ఎత్తారు, పైన నీళ్ళెంత కిందెంత అని సూత్రంతో కడతారు, అక్కడా పెద్ద వరదకి 175 గేట్లూ లేపేశాక అంచనాయే. కొలిచేవాళ్ళని తక్కువ చెయ్యట్లేదండీ, అర్ధరాత్రి గేజి దగ్గర టార్చిలైటు పట్టుకుని గంట గంటకీ అంకె పంపించేవాళ్ళ పుణ్యమే మేము బతికుండటం. అటూ ఇటూ ఇంత తేడా ఉండొచ్చు అని కూడా అంకెతో పాటే చెప్పమంటున్నా.

పైగా 50 అంకెలతో వందేళ్ళ మాట చెప్తున్నాం. 1986లో ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎవరైనా 1987 నుంచి లెక్క మొదలెడితే ఆ అంకె అసలు పట్టికలోనే ఉండదు, వాళ్ళ వందేళ్ళ వరద బాగా చిన్నదైపోద్ది. ఒక్క ఏడాది ఉందా లేదా అన్నదానికే అంత తేడా. ఎగువన డ్యాములున్నాయి కదా అంటారు, కానీ మనకి పెద్ద వరద తెచ్చేవి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి, వాటి మీద ఆపేంత పెద్ద రిజర్వాయర్లు తక్కువ. వానల తీరు కూడా మారుతోంది, 86 అయినా 2006 అయినా ఆగస్టులో వచ్చాయి, 2022ది జులై మధ్యకే వచ్చేసింది, చాలామందికి కంద, అరటి ఇంకా చేలోనే ఉంది.

పోలవరం స్పిల్‌వేని, అంటే వరద నీళ్ళు కిందకి వదిలే గేట్ల కట్టడాన్ని, 50 లక్షల క్యూసెక్కులకి కట్టారు. 86 వరద కంటే చాలా ఎక్కువ. ఎందుకంటే అంత పెద్ద డ్యాం తెగితే దిగువన మిగిలేది ఉండదు కాబట్టి, రాగలిగినంత పెద్ద వరద పెట్టి కట్టారు. మరి మా కాజ్‌వే ఎన్ని క్యూసెక్కులకి కట్టారు? కొత్తగా ఇళ్ళ స్థలాలిచ్చిన కాలనీ మెరక ఎన్ని క్యూసెక్కులకి? అడిగితే చెప్పేవాళ్ళు లేరు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 10 లక్షలు, 13.75కి రెండోది, 13 లక్షలు, 17.75కి మూడోది, 17 లక్షలు. ఇవి అందరికీ నోటికొచ్చు. కానీ మా ఊరి కాజ్‌వే మొదటి హెచ్చరిక కంటే ముందే మునుగుద్ది, పక్క ఊరిది రెండోదాకా ఆగుద్ది. మూడో హెచ్చరిక తర్వాత 17 లక్షలైనా 27 లక్షలైనా పేరు ఒకటే, మూడో ప్రమాద హెచ్చరిక. ఆ పది లక్షల మధ్యలోనే కదండీ మా ఇళ్ళన్నీ ఉన్నది.

అందుకని మీరు చెయ్యగలిగింది మిమ్మల్ని అడుగుతున్నాను. "వందేళ్ళకోసారి" అని రాసినప్పుడల్లా పక్కనే "30 ఏళ్ళలో వచ్చే అవకాశం నూటికి 26" అని ఒక్క ముక్క కలపండి. ఏటా నవంబర్లో, గోదారి తగ్గాక, ధవళేశ్వరంలో ఏ ఏడు గరిష్ఠంగా ఎన్ని లక్షలు వచ్చిందో పాత ఏళ్ళన్నిటితో కలిపి అరపేజీ పట్టిక వెయ్యండి, మా ఇళ్ళలో క్యాలెండర్ పక్కన అంటించుకుంటాం. మా లంక కుర్రాళ్ళు, నేనూ కలిసి బడి గోడ మీద, రామాలయం ధ్వజస్తంభం దిమ్మ మీద, కాజ్‌వే రెండు చివర్లా గీతలు గీద్దామని అనుకున్నాం, ధవళేశ్వరంలో 15 లక్షలుంటే నీళ్ళు ఇక్కడికి, 20 ఉంటే ఇక్కడికి, 25 ఉంటే ఇక్కడికి అని. 2006వీ 2022వీ మా దగ్గర గీతలున్నాయి, 2020ది ఫోన్లలో ఫోటోలున్నాయి, ఏ రోజు ఏ గంటకి తీసిందో కూడా తెలుస్తుంది. ఆ గంటల్లో బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులున్నాయో ఆ అంకెలు కావాలి, అక్కడి నీళ్ళు మా దాకా దిగడానికి పట్టే టైము కూడా కలుపుకుని చూస్తాం. మీ పాత పేపర్లలో గంటగంటకీ వేసిన బాక్సులు ఉంటాయి కదా, 2006 ఆగస్టువీ, 2020 ఆగస్టువీ, 2022 జులైవీ. వాటి కాపీలు ఇప్పిస్తే చాలు, ఖర్చు మేము పెట్టుకుంటాం. నీలం పెయింట్ డబ్బా, బ్రష్షులు మా అరుగు మీదే ఉన్నాయి.

ఇట్లు,
వైనతేయ ఒడ్డు లంక రైతు,
అంబేద్కర్ కోనసీమ జిల్లా