పొద్దున్న ఎనిమిది, రాత్రి ఎనిమిది

సంపాదకుడు గారికి,

మా తమ్ముడికి కిడ్నీ మార్చి నాలుగేళ్లయింది. అమ్మ ఇచ్చిన కిడ్నీ. ఒళ్లు దాన్ని పరాయిదనుకుని దాడి చెయ్యకుండా ఆపే మందుల్లో టాక్రోలిమస్ ముఖ్యం. రోజుకి రెండుసార్లు, 12 గంటల ఎడం. తక్కువైతే కిడ్నీకి ముప్పు. ఎక్కువైతే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది, చేతులు వణుకుతాయి.

పోయిన నెల మందుల షాపులో "కంపెనీ వేరు, మందు అదేనండి" అని వేరే డబ్బా చేతిలో పెట్టారు. జ్వరం మాత్రకైతే సరే. ఇక్కడ కంపెనీ మార్చాలంటే ముందు డాక్టరుని అడగాలి, మార్చాక రక్తంలో మందు ఎంతుందో చూపించుకోవాలి. ఆ రక్తం పొద్దుటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. అందుకే మావాడు మాత్ర జేబులో వేసుకుని కాకినాడ బస్సెక్కుతాడు. సూది తియ్యగానే మింగుతాడు.

మన కోనసీమలో ఇంకో చిక్కు, పంపర పనస. చవితికి పాలవెల్లికి కట్టిన కాయ దింపి, తొనలకి ఉప్పూకారం అద్ది అందరికీ పంచుతాం. ఆ తొనలు రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేయగలవు. "పండేగా, చలవ చేస్తుంది" అంటుంది పిన్ని. ఆవిణ్ణి ఒప్పించడం డాక్టరు వల్ల కూడా కాలేదు! ఒళ్లునొప్పులకి ఆర్‌ఎంపీ పొడిచే డైక్లోఫెనాక్ సూది, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లూ ఇలాంటివారికి ప్రమాదమే.

ఏరియా ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో ఈ సంగతులు తెలుగులో పెద్దక్షరాలతో గోడకి అంటించేలా అధికారులు చూడాలి.

- ఒక పాఠకుడు, అమలాపురం