గడ్డ లేకుండా వచ్చే రొమ్ము క్యాన్సర్: అవగాహనకు, పరిశోధనకు విరాళాల విజ్ఞప్తి

భక్త మహాశయులకు, దాతలకు, ఆడపడుచులకు ఆలయ కమిటీ నమస్కారాలు.

మండపం కప్పు కారుతోందని ఒకసారి, ప్రహరీ కూలిందని మరోసారి మీ ముందు చేయి చాచాం. అడిగిన ప్రతిసారీ లేదనకుండా ఇచ్చారు. ఈసారి గుడికి ఏ మరమ్మతూ లేదు. మనలో ఒకరికి వచ్చిన కష్టం గురించి, ఆ కష్టం ఇంకొకరికి ఆలస్యంగా తెలియకూడదని ఈ విజ్ఞప్తి రాస్తున్నాం.

ఏళ్ల తరబడి తెల్లవారకముందే వచ్చి గుడి మెట్లు కడిగే ఒక ఆడపడుచు కొన్ని నెలలపాటు కనిపించలేదు. పేరు రాయవద్దని, జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాయమని ఆమే అడిగారు. మొదట ఒక రొమ్ము బరువుగా అనిపించింది. తర్వాత ఎర్రబడింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. తడిమి చూసుకుంటే గడ్డ ఏదీ చేతికి తగల్లేదు. చూపించుకున్న చోట ఇన్‌ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. అవి అయిపోయాక మరో రకం ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఆమె ఒకటి గమనించారు: రాత్రి విప్పిన బ్రా అచ్చు తెల్లవారినా చర్మం మీద అలాగే ఉండిపోతోంది. చర్మం మందమై, నారింజ తొక్కలాగా సన్నటి గుంటలు పడింది. రెండు నెలలు గడిచాక మూడో డాక్టరు చర్మం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే అసలు సంగతి బయటపడింది. “గడ్డ లేదు కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను” అన్నారామె కమిటీ సమావేశంలో. ఆ మాట విన్నాక మాలో ఎవరికీ కాసేపు నోరు పెగల్లేదు.

ఆమెకు వచ్చినదాన్ని ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్ అంటారు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇది వందకు ఒకటి నుంచి ఐదు వరకే ఉంటుంది. క్యాన్సర్ కణాలు చర్మంలోని సన్నటి లింఫ్ నాళాలకు అడ్డుపడతాయి. బయటికి పోవలసిన ద్రవం అక్కడే నిలిచిపోతుంది. వాపు, ఎరుపు, వేడి, నారింజ తొక్కలాంటి చర్మం అందువల్లే వస్తాయి. కణాలు ఒకచోట ముద్దగా చేరవు కాబట్టి చాలామందిలో గడ్డ తగలదు, రొమ్ముకు తీసే ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌లో కూడా కొన్నిసార్లు స్పష్టంగా కనబడదు. పైగా ఇది వారాల్లో, నెలల్లో ముదిరిపోతుంది. గుర్తించేసరికే కనీసం మూడో దశలో ఉంటుంది. చామనఛాయ, నల్లటి ఒంటిరంగు ఉన్నవారిలో ఎరుపు ఎరుపుగా కనబడకపోవచ్చు. ఊదారంగుగానో, కమిలినట్టుగానో ఉంటుంది. పుస్తకంలో వేసే ఎర్రటి బొమ్మ చూసి “నాది అలా లేదు” అనుకునే ప్రమాదం అక్కడే ఉంది.

ఇంకో రకం క్యాన్సర్ చనుమొన మీద వచ్చేది. దురద, పొలుసులు రాలడం, పుండుపడి చెమ్మగా ఉండటం. చూడటానికి అచ్చం తామరలా (ఎగ్జిమాలా) ఉంటుంది, అందుకే నెలల తరబడి పూతమందులతో కాలం గడిచిపోతుంది. 1874లో జేమ్స్ పేజెట్ అనే ఇంగ్లండు వైద్యుడు వర్ణించాడు కాబట్టి దీనికి పేజెట్ వ్యాధి అన్న పేరు వచ్చింది. తామర సాధారణంగా చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం మీద మొదలవుతుంది, తరచుగా రెండు వైపులా ఉంటుంది. పేజెట్ వ్యాధి చనుమొన దగ్గరే మొదలై చుట్టూ పాకుతుంది, దాదాపు ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది. మందు రాస్తే కొన్నాళ్లు తగ్గినట్టు కనబడటం కూడా ఉంది. ఒకవైపు చనుమొన మీద పుండు మానకపోతే మందు మార్చడం దగ్గర ఆగకుండా, ముక్క పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి.

లోబ్యులార్ అనే మరో రకం రొమ్ము క్యాన్సర్‌లో కణాలు ఒకదానినొకటి పట్టుకుని ఉండవు, చీమలబారులా ఒకదాని వెనుక ఒకటి సాగిపోతాయి. చేతికి గడ్డకు బదులు ఒకచోట మందంగా, గట్టిగా అనిపిస్తుంది, అంతే. ఇది అంత అరుదు కూడా కాదు, వందలో పది పదిహేను వరకు ఈ రకమే. వీటితోపాటు, ఎప్పుడూ మామూలుగా ఉన్న చనుమొన కొత్తగా లోపలికి తిరగడం, నొక్కకుండానే ఒకవైపు నుంచి రక్తపు చారతో ద్రవం రావడం, చర్మం ఒకచోట లోపలికి లాగినట్టు సొట్ట పడటం, చంకలోనో మెడ కింద ఎముక దగ్గరో బిళ్ల కట్టడం గుర్తుంచుకోండి. మగవారు ఈ కాగితాన్ని ఇంట్లో ఆడవారి చేతికిచ్చి ఊరుకోకండి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో దాదాపు ఒకరు మగవారే.

ఎవరినీ బెదరగొట్టాలని ఇది రాయడం లేదు. రొమ్ములో కనిపించే మార్పుల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. బిడ్డకు పాలిచ్చే తల్లికి రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే చాలాసార్లు అది మామూలు ఇన్‌ఫెక్షనే, మందులకు లొంగుతుంది. లొంగనప్పుడే ఆలోచించాలి. వారం, పది రోజులు యాంటీబయాటిక్ వాడినా ఎరుపు, వాపు తగ్గకపోతే స్కానింగ్, ముక్క పరీక్ష గురించి మీరే నోరు తెరిచి అడగండి. డాక్టరు ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

మొహమాటమంటే గుర్తొచ్చింది. ఈ విజ్ఞప్తి చిత్తుప్రతి మీద కమిటీలో గంటసేపు వాదన జరిగింది. గుడి నోటీసు బోర్డు మీద ‘రొమ్ము’ అన్న మాట బాగుండదని, ‘స్త్రీల వ్యాధి’ అని రాస్తే గౌరవంగా ఉంటుందని పెద్దలు కొందరు అన్నారు. స్త్రీల వ్యాధి అంటే ఏ వ్యాధి అని ఎవరికి అర్థమవుతుంది? చివరికి మాలో అందరికన్నా వయసులో పెద్దాయన, “అమ్మ పాలు తాగినవాళ్లమే కదా అందరం, రాయండి” అన్నారు. రాశాం.

ఇక పరిశోధన సంగతి. చర్మం ఊదారంగు తిరిగే రొమ్ము క్యాన్సర్ గురించి చార్లెస్ బెల్ అనే శస్త్రవైద్యుడు 1814లోనే రాశాడు. ఈ ఇన్‌ఫ్లమేటరీ రకానికే ప్రత్యేకించిన తొలి క్లినిక్ అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో తెరుచుకున్నది 2006లో. మధ్యలో 192 ఏళ్లు! ఒకప్పుడు నేరుగా ఆపరేషన్ చేసేవారు, ఐదేళ్లు బతికినవారు వందకు ఐదుగురు కూడా ఉండేవారు కాదు. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్ అన్న వరుస కుదిరాక పరిస్థితి ఎంతో మెరుగుపడింది. హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న క్యాన్సర్లకు 1998లో ట్రాస్టుజుమాబ్ అనే మందు అనుమతి పొందడంతో మరికొందరికి దారి దొరికింది. అయినా చేయవలసింది చాలా ఉంది. అరుదైన జబ్బుకు ఉన్న చిక్కు ఏమిటంటే, ఒక్కొక్క ఆసుపత్రికి రోగులు కొద్దిమందే వస్తారు. ఆ కొద్దిమందితో ఏ మందు పనిచేస్తుందో తేల్చడం కుదరదు. చాలా ఆసుపత్రుల రోగుల వివరాలు ఒకచోట చేరాలి, వారి అనుమతితో తీసిన కణజాలం నమూనాలను ఏళ్ల తరబడి అతిశీతల పెట్టెల్లో భద్రపరచాలి. దీనికి మనుషులు కావాలి, కరెంటు కావాలి, డబ్బు కావాలి. వార్తకెక్కే పని కాదు కాబట్టి ఇచ్చేవారు తక్కువ.

వచ్చిన విరాళాల్లో సగం ఇలాంటి పరిశోధన చేసే క్యాన్సర్ సంస్థకు వెళుతుంది. రోగులపై చేసే పరిశోధన సక్రమమేనా అని చూసే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతులు, ఏటా ఆడిట్ అయిన లెక్కలు చూపించిన సంస్థకే ఇస్తాం. సంస్థ ఎంపికలో మన భక్తుల్లోని ఇద్దరు వైద్యులు సాయం చేస్తున్నారు. మిగతా సగంలో ఎక్కువ భాగం స్కానింగ్‌కు, ముక్క పరీక్షకు డబ్బు లేక వాయిదా వేసుకునేవారి కోసం ఉంచుతాం. ఎవరికి ఇచ్చామో పేర్లు ఎక్కడా రాయం, ఎంతమందికి ఇచ్చామో మాత్రం రాస్తాం. కొంత భాగంతో బొమ్మల కరపత్రం అచ్చువేస్తాం. అందులో మన ఒంటిరంగులతోనే బొమ్మలు వేయించాలని నిర్ణయించాం. బొమ్మలు వేయగలిగినవారు ముందుకు వస్తే అది కూడా విరాళమే.

ఒక మనవి. ఈ డబ్బు దయచేసి హుండీలో వేయకండి. హుండీ లెక్క వేరు, అందులో పడినదాన్ని విడదీసి ఇటు మళ్లించే వీలు మాకు లేదు. కార్యాలయంలో దీనికోసమే ప్రత్యేక ఖాతా, వేరే రసీదు పుస్తకం పెట్టాం. ఎంత చిన్న మొత్తానికైనా రసీదు అడిగి తీసుకోండి. దాతల పేర్లు ఈసారి రాతిపలక మీద చెక్కించడం లేదు, ఆ ఖర్చుతో మరొకరికి పరీక్ష జరుగుతుంది. అలిగేవారు ఉంటారని తెలుసు, క్షమించాలి. జమాఖర్చులు ప్రతి నెలా మొదటి వారంలో నోటీసు బోర్డు మీద అంటిస్తాం.

కరపత్రం నమూనా ప్రతి కార్యాలయంలో ఉంది. మెట్లు కడిగే ఆడపడుచు చికిత్స మధ్యలో కూడా దాన్ని రెండుసార్లు చదివి, బ్రా అచ్చు సంగతి మొదటి పేజీలోకి మార్పించారు. మీరూ చూసి, అర్థంకాని మాట ఎక్కడైనా ఉంటే పెన్సిలుతో గీత గీసి వెళ్లండి. అచ్చుకు ఇచ్చేలోగా సరిచేస్తాం.

ఇట్లు,
ఆలయ కమిటీ తరఫున
కార్యదర్శి