పాత బడి పైకప్పు

రాజమహేంద్రవరం,
ఆదివారం రాత్రి.

ప్రియమైన సూర్యానికి,

నీ రెండు ఉత్తరాలకు జవాబు బాకీ పడ్డాను, క్షమించు. ఇంట్లో అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఇక అసలు సంగతి.

మన బడికి మరమ్మతులు చేస్తున్నారు. నిన్న అటు వెళ్తూ ఆగి చూస్తే ఏడో తరగతి గది పైకప్పు ఒక మూల విప్పి ఉంది. లెక్కల మాస్టారు పాఠం చెబుతుండగా నీవు తల పైకెత్తి దూలాలు లెక్కపెట్టి, పదకొండని ప్రకటించి, గోడకుర్చీ వేసిన గది అదే. పదకొండు కాదయ్యా, పన్నెండు! చివరిది సగం గోడలో కలిసిపోయి ఉంది.

ఆ కప్పు రాతిపలకలని మనం అనుకునేవాళ్లం కదా. టేకు దూలాల మీద పలుచని చిట్టి ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా వరుసలు పేర్చి సున్నంతో బిగించారు. ఆపైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, బెల్లం, కరక్కాయలు నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కొయ్యలతో కొట్టి గట్టిపరిచేవారట. దీన్ని మద్రాసు టెర్రస్ అంటారని ముసలి మేస్త్రీ చెప్పి, ఒక ఇటుక నా చేతిలో పెట్టాడు. అరచేతిలో ఇమిడింది. దానికి అంటుకున్న సున్నంలో సరిగా కాలని గుల్ల ముక్క తెల్లగా మెరుస్తోంది. చిన్నప్పుడు ఆ గోడను నాకిన మహానుభావుడి పేరు చెప్పను గాని, బెల్లం సంగతి అతనికి ముందే ఎలా తెలిసిందో!

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, మరుసటి ఏడాదే ఈ ఊళ్లో జిల్లా పాఠశాల వెలిసి, తరువాత ఆర్ట్స్ కళాశాలగా పెరిగింది. 1874లో వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. మన నేల తేమనూ ఎండనూ ఎరిగిన ఆనాటి పనివాళ్లు మందపు గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వసారా ఎందుకు పెట్టేవారో నిన్న ఆ గదిలో నిలబడితే తెలిసింది. బయట నిప్పులు చెరుగుతున్నా లోపల చల్లగానే ఉంది.

నాకు మండిందల్లా ఒక్కటే. సున్నపు గోడ తడిని పీల్చి మళ్లీ వదిలేస్తుంది. దానికి ఎవరో సిమెంటు పూత పూయించారు. తడి లోపలే నిలిచి, అడుగున ఉప్పు పొంగి, వేలితో గీకితే ఇటుక పొడిపొడిగా రాలుతోంది. మేస్త్రీ చెప్పినా వినలేదట. రేపు నేనే వెళ్లి...

పక్కింటి అబ్బాయి బండి వేళయిందని తలుపు తడుతున్నాడు, ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. ఇటుక కూడా పొట్లం కట్టాను. నాకకు.

నీ
రాముడు